పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమా? – టీవీ, గేమ్ కన్సోల్, కరెంటు

పిల్లలూ! తెలుగులో ఒక పాత సామెత ఉంది: "పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమా?" పిడుగు ఒక కష్టం, బియ్యం లేకపోవడం ఇంకో కష్టం. రెండింటికీ ఒకే మంత్రం చదివితే పని జరుగుతుందా? జరగదు. ఏ కష్టానికి ఆ ఉపాయమే వెతకాలి. ఎవరైనా అన్నింటికీ ఒకే మందు వేస్తానంటే మన పెద్దవాళ్లు ఈ సామెత వాడతారు.

ఈ పాఠంలో ఆ సామెతను మీ ఇంట్లో టీవీ దగ్గర వాడి చూద్దాం. టీవీ, గేమ్ కన్సోల్, సౌండ్‌బార్, ఇంటర్నెట్ రౌటర్ – ఇవన్నీ కరెంటుతో నడుస్తాయి, కరెంటు వల్లే పాడవుతాయి కూడా. వాటిని కాపాడటానికి బజారులో చాలా పెట్టెలు దొరుకుతాయి: సర్జ్ ప్రొటెక్టర్, స్టెబిలైజర్, యూపీఎస్, అడాప్టర్, ట్రాన్స్‌ఫార్మర్. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కానీ ఒకటి చేసే పని ఇంకొకటి చేయదు. ఈ తేడా తెలియక సెలవుల్లో ఇండియా వెళ్లినప్పుడు వస్తువులు కాల్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కోసారి కాలేది వస్తువు ఒక్కటే కాదు, మంటలూ రావచ్చు. అందుకే ఈ పాఠం జాగ్రత్తగా చదవండి.

ఒక హెచ్చరిక: ఈ పాఠంలో చెప్పిన ఏ పనికీ పెట్టెల మూతలు తెరవక్కర్లేదు, గోడలోని సాకెట్ విప్పక్కర్లేదు. ప్లగ్గులు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను పక్కన ఉంచుకోండి.

1. కరెంటును నీళ్లనుకోండి

తెలుగు ఊళ్లలో చాలా ఇళ్లకు మిద్దె మీద నీళ్ల ట్యాంకు ఉంటుంది. ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే కింద కుళాయిలో నీళ్లు అంత జోరుగా వస్తాయి. ఆ జోరునే ఒత్తిడి అంటాం. కరెంటులో ఈ ఒత్తిడి పేరు వోల్టేజీ. దాన్ని వోల్టుల్లో కొలుస్తారు. గొట్టంలో ఎంత నీరు పారుతోందో చెప్పినట్టే, వైరులో ఎంత కరెంటు పారుతోందో ఆంపియర్లలో చెబుతారు. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేది వాట్లు. ఒక వస్తువు కరెంటును ఎంత వేగంగా వాడుకుంటుందో వాట్లు చెబుతాయి.

ప్రతి దేశంలో ఈ ఒత్తిడి ఒకేలా ఉండదు. అమెరికాలో ఇళ్లలోని మామూలు సాకెట్‌లో 120 వోల్టులు ఉంటాయి. ఇండియాలో 230 వోల్టులు. అంటే దాదాపు రెండింతలు! బ్రిటన్, మలేసియా, మారిషస్, దక్షిణాఫ్రికా, యూఏఈ దేశాల్లో కూడా 230 వోల్టులే. కాబట్టి మీరు లండన్‌లోనో దుబాయ్‌లోనో ఉంటే ఇండియా వెళ్లినప్పుడు వోల్టేజీ గొడవ లేదు, ప్లగ్గు ఆకారం ఒక్కటే మారుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే మాత్రం రెండూ మారతాయి.

ఇంకో తేడా కూడా ఉంది. మన ఇళ్లకు వచ్చే కరెంటు ఒకే దిక్కుగా పారదు, ముందుకీ వెనక్కీ ఊయలలా ఊగుతుంది. అమెరికాలో సెకనుకు 60 సార్లు ఊగుతుంది, ఇండియాలో 50 సార్లు. ఊయల పైకి వెళ్లినప్పుడు ఒత్తిడి ఇంకా ఎక్కువ ఉంటుంది. 120 అనేది ఒక రకమైన సగటు. ఊయల చిట్టచివరి ఎత్తులో అది సుమారు 170 వోల్టులు. అలాగే 230 వోల్టుల కరెంటు చిట్టచివరి ఎత్తు సుమారు 325 వోల్టులు. ఈ రెండు అంకెలు గుర్తు పెట్టుకోండి. కాసేపట్లో వీటితో పని పడుతుంది.

2. వోల్టేజీ ఎందుకు పోటెత్తుతుంది?

వర్షాకాలంలో "గోదావరి పోటెత్తింది" అని వార్తల్లో వింటాం. అంటే నీళ్లు ఒక్కసారిగా ఎక్కువై మీదికి వచ్చాయని అర్థం. వైర్లలో కూడా వోల్టేజీ ఒక్కోసారి ఇలాగే పోటెత్తుతుంది. దాన్నే సర్జ్ అంటారు. అది చాలా చిన్న సమయం ఉంటుంది. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే, అలాంటి కొన్ని ముక్కలు మాత్రమే. మీరు కన్ను ఆర్పే లోపు సర్జ్ వచ్చి వెళ్లిపోతుంది. కానీ ఆ కాస్త సమయంలోనే టీవీ లోపల ఉన్న సన్నని చిప్పులు మాడిపోవచ్చు.

సర్జ్ ఎక్కడినుంచి వస్తుంది?

మొదటిది మనింట్లోంచే. ఫ్రిజ్, ఏసీ, నీళ్ల మోటారు లాంటివి ఆగినప్పుడు, మళ్లీ మొదలైనప్పుడు ఇంటి వైర్లలో చిన్న చిన్న కుదుపులు పుడతాయి. ఒక్కటీ పెద్దది కాదు. కానీ రోజూ తగిలే చిన్న దెబ్బలు కూడా కొన్నేళ్లకు వస్తువు ఆయుష్షు తగ్గిస్తాయి.

రెండోది కరెంటు లైన్ల నుంచి. కరెంటు పోయి మళ్లీ వచ్చేటప్పుడు వోల్టేజీ కొంచెంసేపు నిలకడగా ఉండదు. అందుకే ఊళ్లో కరెంటు పోగానే పెద్దవాళ్లు టీవీ స్విచ్ ఆపేస్తారు. వచ్చాక కాసేపు ఆగి పెడతారు. ఇది చాలా తెలివైన అలవాటు.

మూడోది పిడుగు. ఒక మామూలు పిడుగులో సుమారు 30,000 ఆంపియర్ల కరెంటు ఉంటుంది. మీ ఇంటి సాకెట్‌లో 15 ఆంపియర్లే. పిడుగు ఇంటి మీదే పడక్కర్లేదు. దూరంగా కరెంటు స్తంభం మీద పడినా ఆ దెబ్బ తీగల వెంట ఇంట్లోకి వస్తుంది.

వీటికి తోడు నాలుగో కష్టం ఒకటుంది. అది సర్జ్ కాదు, కానీ సర్జ్ కన్నా ప్రమాదం. ఇండియాలో వీధిలో ఉండే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజు వైర్లు, ఒక న్యూట్రల్ వైరు వస్తాయి. మామూలు ఇంటికి ఒక ఫేజు, ఒక న్యూట్రల్ ఇస్తారు. గాలివానకు న్యూట్రల్ వైరు తెగితే ఇళ్లకు 230 బదులు 300, ఒక్కోసారి 400 వోల్టుల దాకా రావచ్చు. అది ఒక్క క్షణంలో పోదు, ఎవరో వచ్చి ఆపేదాకా అలాగే ఉంటుంది. "హై వోల్టేజీ వచ్చి వీధిలో టీవీలన్నీ కాలిపోయాయి" అని ఊళ్లో చెప్పుకునేది ఎక్కువగా ఇలాంటి సంగతే. అమెరికా ఇళ్లలో కూడా న్యూట్రల్ వదులైతే 120 వోల్టుల సాకెట్‌లో వోల్టేజీ బాగా పెరగవచ్చు. లైట్లు కొన్ని మరీ వెలుగుతూ, కొన్ని మసకబారుతూ ఉంటే వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి.

3. చెరువుకు అలుగు, టీవీకి సర్జ్ ప్రొటెక్టర్

తెలుగు పల్లెల్లో చెరువు ఎలా కడతారో తెలుసా? ఒకవైపు మట్టి కట్ట ఉంటుంది. కట్టలో తూము ఉంటుంది. పొలాలకు కావలసిన నీళ్లు తూములోంచి వెళ్తాయి. కట్టకు ఒక చివర, కట్ట కంటే కొంచెం తక్కువ ఎత్తులో, రాళ్లతో కట్టిన ఒక దారి ఉంటుంది. దాన్ని ఆంధ్రలో అలుగు అంటారు, తెలంగాణలో మత్తడి అంటారు. చెరువు మామూలుగా ఉన్నంత కాలం అలుగు మీంచి ఒక్క చుక్క కూడా పోదు. పెద్ద వాన పడి చెరువు నిండిపోతే అదనపు నీళ్లు అలుగు దాటి వాగులోకి వెళ్లిపోతాయి. అలా కట్ట తెగకుండా ఉంటుంది, ఊరు మునగకుండా ఉంటుంది.

సర్జ్ ప్రొటెక్టర్ లోపల కూడా ఒక అలుగు ఉంది. అది చిన్న రూపాయి బిళ్లలాంటి ఒక ముక్క. దాని పేరు వేరిస్టర్. జింక్ ఆక్సైడ్ అనే పొడిని కాల్చి దాన్ని చేస్తారు. 1960ల చివర్లో జపాన్‌లో మిచియో మత్సువోకా అనే శాస్త్రవేత్త ఈ పదార్థం గుణాన్ని కనిపెట్టారు. గుణం ఏమిటంటే, మామూలు వోల్టేజీలో అది కరెంటును తన గుండా పోనివ్వదు. గోడలా ఉంటుంది. వోల్టేజీ ఒక హద్దు దాటగానే తలుపులా తెరుచుకుని, అదనపు కరెంటును టీవీ వైపు పోకుండా పక్కకు మళ్లిస్తుంది. వోల్టేజీ తగ్గగానే మళ్లీ మూసుకుంటుంది.

ఇక్కడ మూడు సంగతులు గమనించండి.

అలుగు నీళ్లను ఆపదు, మళ్లిస్తుంది. మళ్లించిన నీళ్లు పోవడానికి వాగు ఉండాలి కదా! కరెంటుకు ఆ వాగు ఎర్తింగ్. అంటే ఇంటి వైరింగ్‌ను నేలతో కలిపే తీగ. ప్లగ్గుకు ఉండే మూడో పిన్ను అందుకే. ఇండియా ప్లగ్గులో ఆ మూడో పిన్ను మిగతా రెండింటి కంటే లావుగా, పొడవుగా ఉంటుంది. పొడవుగా ఉండటం వల్ల ప్లగ్గు పెట్టేటప్పుడు అదే ముందు తగులుతుంది, తీసేటప్పుడు అదే చివర విడిపోతుంది. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు రంధ్రాల సాకెట్‌లో పెట్టడం అంటే వాగును పూడ్చేయడమే.

అలుగు అరిగిపోతుంది. ప్రతి పెద్ద సర్జ్‌కు వేరిస్టర్ కొంచెం దెబ్బ తింటుంది. కొన్నాళ్లకు దాని శక్తి అయిపోతుంది. అప్పుడు కూడా సాకెట్లలో కరెంటు వస్తూనే ఉంటుంది, టీవీ ఆడుతూనే ఉంటుంది. కాపలా మాత్రం ఉండదు! అందుకే మంచి ప్రొటెక్టర్ మీద "రక్షణ ఉంది" అని చెప్పే చిన్న దీపం ఉంటుంది. ఆ దీపం ఆరిపోతే దాన్ని మార్చాలి.

అలుగు ఎత్తు ఆ చెరువుకు తగ్గట్టు ఉండాలి. తక్కువ ఎత్తున్న అలుగును పెద్ద చెరువుకు కడితే ఏమవుతుంది? నీళ్లు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి. ఈ సంగతికి మళ్లీ వద్దాం.

4. కొనేటప్పుడు ఏం చూడాలి?

చాలామంది ఇళ్లలో బల్ల వెనక ఆరు సాకెట్లున్న పొడవాటి పట్టీ ఉంటుంది. అది సర్జ్ ప్రొటెక్టర్ కావచ్చు, వట్టి సాకెట్ల పట్టీ కావచ్చు. చూడటానికి రెండూ ఒకటే. వెనక్కి తిప్పి లేబుల్ చదివితేనే తెలుస్తుంది. లేబుల్ మీద జౌళ్లు అనే మాట ఉంటే అది సర్జ్ ప్రొటెక్టర్. లేకపోతే అది ఒక సాకెట్‌ను ఆరు చేసే పట్టీ మాత్రమే.

జౌళ్లు ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువ దెబ్బలు ఓర్చుకుంటుంది. టీవీ, కన్సోల్ ఉన్నచోట వెయ్యి, రెండు వేల జౌళ్లు దాటినవి తీసుకోవడం మంచిది. ఇంకో అంకె కూడా ఉంటుంది: సర్జ్ వచ్చినప్పుడు వోల్టేజీని ఎంత దగ్గర పట్టి ఉంచుతుందో చెప్పే అంకె. అమెరికాలో అమ్మే వాటిపై 330, 400, 500 వోల్టులు అని కనిపిస్తాయి. ఇది ఎంత తక్కువైతే అంత మంచిది. జౌళ్లు ఎక్కువ, ఈ అంకె తక్కువ – అలా గుర్తుంచుకోండి. యూఎల్ 1449 అనే పరీక్ష గుర్తు ఉందో లేదో కూడా చూడమని అమ్మానాన్నలకు చెప్పండి.

అమెరికాలో ఇళ్ల వైరింగ్ నియమాల పుస్తకం 2020 ముద్రణలో కొత్త ఇళ్లకు మెయిన్ కరెంటు దగ్గరే సర్జ్ ప్రొటెక్టర్ ఉండాలన్న నియమం చేర్చారు. అది ఇంటి గేటు దగ్గర కాపలావాడి లాంటిది. టీవీ దగ్గర ఉన్నది గది తలుపు దగ్గర కాపలావాడి లాంటిది. ఇద్దరూ ఉంటే మంచిదే.

5. ఇప్పుడు టీవీ పెడదాం

కొత్త టీవీ, కన్సోల్ ఇంటికి వచ్చాయి. ఏది ముందు, ఏది తరవాత?

ఒకటి. చోటు చూడండి. టీవీ బల్ల తక్కువ ఎత్తులో, వెడల్పుగా, కదలకుండా ఉండాలి. టీవీని పట్టీతో గోడకు బిగించమని పెద్దవాళ్లను అడగండి. ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లో ఉంటే ఇది తప్పకుండా చేయాలి. పసిపిల్లలు బల్ల సొరుగులు పట్టుకుని ఎక్కినప్పుడు టీవీ మీద పడి పెద్ద ప్రమాదాలు జరుగుతాయి.

రెండు. గాలి ఆడనివ్వండి. కన్సోల్ వేడెక్కుతుంది. దాన్ని తలుపులున్న అరలో పెట్టి మూసేయకండి. కార్పెట్ మీద పెట్టకండి. చుట్టూ జానెడు ఖాళీ వదలండి.

మూడు. ముందు బొమ్మ, శబ్దం వైర్లు కలపండి. కన్సోల్ నుంచి టీవీకి ఒక హెచ్‌డీఎంఐ వైరు. సౌండ్‌బార్ నుంచి టీవీకి ఇంకో హెచ్‌డీఎంఐ వైరు. టీవీ వెనక కొన్ని రంధ్రాలలో ఒకదాని పక్కన "ఆర్క్" లేదా "ఈ-ఆర్క్" అని రాసి ఉంటుంది. సౌండ్‌బార్ వైరు అందులోనే పెట్టాలి. వేరే దాంట్లో పెడితే టీవీలో బొమ్మ వస్తుంది గాని సౌండ్‌బార్ పలకదు.

నాలుగు. కరెంటు చివర్లో. అన్ని వైర్లూ కలిపాక సర్జ్ ప్రొటెక్టర్‌ను గోడ సాకెట్‌లో పెట్టి, వస్తువుల ప్లగ్గులు ఒక్కొక్కటిగా అందులో పెట్టండి. ఒక పట్టీకి ఇంకో పట్టీ తగిలించకూడదు.

ఐదు. లెక్క వేయండి. 15 ఆంపియర్లు × 120 వోల్టులు = 1,800 వాట్లు. అమెరికా పట్టీ మోయగలిగే హద్దు అది. గంటల తరబడి నడిచే వాటికి అందులో 80 శాతం, అంటే 1,440 వాట్లు దాటకపోతే మంచిది. మన వస్తువులు ఉజ్జాయింపుగా చూద్దాం: టీవీ 150, కన్సోల్ 200, సౌండ్‌బార్ 50, రౌటర్ 20. మొత్తం 420 వాట్లు. పర్వాలేదు. చలికాలంలో అదే పట్టీకి 1,500 వాట్ల గది హీటర్ తగిలిస్తే? 1,920 వాట్లు! పట్టీ వేడెక్కి కాలవచ్చు. హీటర్‌ను ఎప్పుడూ నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టాలి.

ఆరు. ఇంకో దారి మరిచిపోకండి. సర్జ్ కరెంటు వైరులోంచే రావాలని లేదు. కేబుల్ టీవీ వైరు, మిద్దె మీది డిష్ నుంచి వచ్చే వైరు, ఇంటర్నెట్ వైరు – వీటి వెంట కూడా వస్తుంది. ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తీసి ఉంచితే ఏం లాభం? కేబుల్ వైరు కూడా పెట్టుకునే చోటున్న సర్జ్ ప్రొటెక్టర్లు దొరుకుతాయి.

6. అమ్మమ్మగారింటికి కన్సోల్ తీసుకెళ్తే

వేసవి సెలవులకు అమెరికా నుంచి ఇండియా వెళ్తున్నారు. కన్సోల్ పెట్టెలో సర్దుకున్నారు. "అక్కడ కరెంటు సరిగ్గా ఉండదేమో" అని మీ ఇంట్లోని సర్జ్ ప్రొటెక్టర్‌ను కూడా పట్టుకెళ్లారు. మంచి ఆలోచనలా ఉంది కదూ? కానీ ఇదే అసలు ప్రమాదం!

ముందు కన్సోల్ సంగతి చూద్దాం. దాని వెనకో, దాని అడాప్టర్ మీదో చిన్న అక్షరాల లేబుల్ ఉంటుంది. "ఇన్‌పుట్" అన్న చోట 100–240 వోల్టులు, 50/60 అని ఉంటే అది ఏ దేశంలోనైనా పనిచేస్తుంది. ఫోను, లాప్‌టాప్ చార్జర్లు చాలావరకు ఇలాంటివే. అలాంటి వాటికి ప్లగ్గు ఆకారం మార్చే చిన్న అడాప్టర్ చాలు. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే దాన్ని ఇండియా సాకెట్‌లో పెట్టకూడదు. గుర్తుంచుకోండి: ప్లగ్గు అడాప్టర్ ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. వోల్టేజీ మార్చే పెట్టె వేరు, అది ట్రాన్స్‌ఫార్మర్. బరువుగా ఉంటుంది.

ఇప్పుడు అమెరికా సర్జ్ ప్రొటెక్టర్ సంగతి. దాని లేబుల్ మీద 120 లేదా 125 వోల్టులు అని ఉంటుంది. అంటే దాని అలుగును 120 వోల్టుల చెరువుకు తగ్గట్టు కట్టారు. 170 వోల్టుల ఎత్తు దాకా వచ్చే కరెంటును చూసి అది నిద్రపోతుంది. దాన్ని ఇండియాలో పెడితే? అక్కడ మామూలు రోజున కూడా కరెంటు 325 వోల్టుల ఎత్తుకు వెళ్తుంది. సెకనుకు వంద సార్లు – పైకి యాభై, కిందికి యాభై. వేరిస్టర్ ప్రతిసారీ "సర్జ్ వచ్చింది!" అనుకుని తలుపు తెరుస్తుంది. ఆగకుండా కరెంటు పారి అది ఎర్రగా వేడెక్కుతుంది. టప్‌మని పేలవచ్చు, పొగ రావచ్చు, ప్లాస్టిక్ అంటుకోవచ్చు. కాపాడాల్సిన పెట్టే నిప్పు పెడుతుందన్నమాట!

చిత్రం చూడండి. కన్సోల్‌కు ఇండియా కరెంటుతో ఏ ఇబ్బందీ లేదు. దాన్ని కాపాడటానికి తెచ్చిన పట్టీకే ఇబ్బంది. కాబట్టి అమెరికా పట్టీని ఇంట్లోనే వదిలేయండి. ఇండియాలో 230 వోల్టులకు తయారైన సర్జ్ ప్రొటెక్టర్ దుకాణాల్లో దొరుకుతుంది. అక్కడ దాన్ని "స్పైక్ గార్డ్" అని అడిగితే ఇస్తారు.

7. ఏ కష్టానికి ఏ మంత్రం?

ప్లగ్గు సాకెట్‌లో పట్టడం లేదు: ప్లగ్గు అడాప్టర్.
వస్తువు 120 వోల్టులది, సాకెట్ 230 వోల్టులది: ట్రాన్స్‌ఫార్మర్.
క్షణంలో వచ్చిపోయే సర్జ్: సర్జ్ ప్రొటెక్టర్ లేదా స్పైక్ గార్డ్.
వోల్టేజీ చాలాసేపు తక్కువగానో ఎక్కువగానో ఉంటోంది: స్టెబిలైజర్. ఇది వోల్టేజీని సరిచేస్తుంది. మరీ హద్దు దాటితే కరెంటు ఆపేసే రకం తీసుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో ఏసీ పక్కన, ఫ్రిజ్ పక్కన గోడకు ఉండే పెట్టె ఇదే.
కరెంటు మాటిమాటికీ పోతోంది: ఇన్వర్టర్. బ్యాటరీతో ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు నడిపిస్తుంది.
కరెంటు పోయినా ఆట మధ్యలో ఆగకూడదు: యూపీఎస్. కొన్ని నిమిషాలు నిలబెడుతుంది. ఆటను సేవ్ చేసి, కన్సోల్‌ను మెల్లిగా ఆపడానికి ఆ సమయం చాలు.

న్యూట్రల్ తెగి 400 వోల్టులు వచ్చినప్పుడు స్పైక్ గార్డ్ ఒక్కటే ఉంటే చాలదు. అది క్షణంపాటు వచ్చే పోటును మోయగలదు గాని నిమిషాల తరబడి మోయలేదు. ఇప్పుడు సామెత అర్థమైందా?

8. పిడుగు ముందు ఏ పెట్టే నిలవదు

ఇంగ్లీషులో ఆకాశంలో కనిపించే వెలుగుకూ, నేల మీద పడేదానికీ ఎక్కువగా ఒకే మాట వాడతారు. తెలుగులో మూడు వేరు వేరు మాటలున్నాయి. కంటికి కనిపించేది మెరుపు. చెవికి వినిపించేది ఉరుము. నేలను తాకేది పిడుగు. మెరిసింది, ఉరిమింది, పిడుగు పడింది – మూడు క్రియలు కూడా వేరే.

మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. శబ్దం మూడు సెకన్లలో సుమారు ఒక కిలోమీటరు వెళ్తుంది. మెరిసిన తరవాత తొమ్మిది సెకన్లకు ఉరిమితే పిడుగు సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. అంటే చాలా దగ్గరే!

ఇంటి మీదో, పక్క స్తంభం మీదో పిడుగు పడితే ఎంత ఖరీదైన సర్జ్ ప్రొటెక్టర్ అయినా తట్టుకోలేదు. అప్పుడు పనిచేసే ఉపాయం ఒక్కటే – ప్లగ్గు ముందే తీసి ఉంచడం. ఊళ్లో మబ్బు పట్టగానే అమ్మమ్మ "టీవీ ప్లగ్గు పీకెయ్యండర్రా, డిష్ వైరు కూడా" అంటుంది చూడండి. అది చాదస్తం కాదు, సైన్సే. వైరుకూ టీవీకీ మధ్య ఖాళీ ఉంటే సర్జ్‌కు దారి లేదు. స్విచ్ ఆపితే చాలదు. స్విచ్ లోపల ఉండేది చాలా చిన్న ఖాళీ, పిడుగుకు అది లెక్క కాదు.

కానీ ఒక షరతు. ప్లగ్గు తీయాల్సింది గాలివాన దగ్గరికి రాకముందే. పైన ఉరుములు మొదలయ్యాక ప్లగ్గులు, వైర్లు ముట్టుకోకూడదు. అప్పుడు టీవీ పోతే పోనివ్వండి. టీవీ మళ్లీ కొనుక్కోవచ్చు. చివరి ఉరుము వినిపించాక అరగంట ఆగి అప్పుడు మళ్లీ పెట్టుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో పిడుగులు పడే అవకాశం ఉన్న మండలాల వాళ్లను రాష్ట్ర విపత్తుల సంస్థ ముందే హెచ్చరిస్తుంది. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ "దామిని" అనే ఫోన్ యాప్ తయారుచేసింది. దామిని అంటే సంస్కృతంలో మెరుపు.

9. తాతయ్యతో మాట్లాడదాం

(తెనాలిలో ఉన్న తాతయ్యతో వీడియో కాల్. ఇద్దరు కలిసి చదవండి.)

మనవరాలు: తాతయ్యా, బాగున్నారా? మేం వచ్చేటప్పుడు గేమ్ కన్సోల్ తెస్తున్నాం.
తాతయ్య: తీసుకురామ్మా. మన టీవీకి పెట్టుకుందువుగాని. మరి ఇక్కడి కరెంటుకు ఆగుతుందా అది?
మనవరాలు: లేబుల్ చదివాను తాతయ్యా. 240 దాకా పర్వాలేదని ఉంది. మీరు ఒక స్పైక్ గార్డ్ కొనిపెడతారా? మా దగ్గరున్నది అక్కడ పెట్టకూడదు.
తాతయ్య: అదేం? మీది అమెరికాది కదా, ఇంకా గట్టిది కాదూ?
మనవరాలు: గట్టిదే గాని 120 వోల్టులకే తాతయ్యా. అక్కడ పెడితే కాలిపోతుంది.
తాతయ్య: ఓహో! చిన్న చెరువు అలుగు పెద్ద చెరువుకు కట్టినట్టన్నమాట. సరే, రేపే తెస్తాను. ఎర్తింగ్ కూడా ఒకసారి ఎలక్ట్రీషియన్‌కు చూపిస్తాలే.
మనవరాలు: టీవీ పక్కన స్టెబిలైజర్ ఉందా?
తాతయ్య: ఉందమ్మా. గాలివాన వస్తే మాత్రం మీ అమ్మమ్మే స్టెబిలైజర్. మబ్బు చూసిందంటే చాలు, అన్నీ పీకేస్తుంది!

10. మాటల మూట

ఇంగ్లీషులో అన్నింటినీ "ఆన్" చేస్తారు. తెలుగింట్లో ఒక్కోదానికి ఒక్కో మాట: లైటు వెయ్యి, ఫ్యాను వెయ్యి, టీవీ పెట్టు, పొయ్యి వెలిగించు. ఆపేటప్పుడు: లైటు ఆర్పు, టీవీ కట్టెయ్యి, పొయ్యి ఆపు. తెలంగాణలో అయితే "టీవీ బంద్ చెయ్యి" అని వింటారు.

కరెంటు పోయింది, కరెంటు వచ్చింది. షాక్ కొట్టింది. ఫ్యూజు కొట్టేసింది. మోటారు కాలిపోయింది.

చిచ్చరపిడుగు: చాలా చురుకైన పిల్లను, పిల్లవాణ్ణి ముద్దుగా ఇలా పిలుస్తారు.
పిడుగులాంటి వార్త: అనుకోకుండా వచ్చిన చెడ్డ వార్త.

11. అభ్యాసం

అ) జవాబులు రాయండి.
1. చెరువుకు అలుగు ఎందుకు కడతారు? సర్జ్ ప్రొటెక్టర్‌లో ఆ పని చేసేది ఏది?
2. అమెరికా సర్జ్ ప్రొటెక్టర్‌ను ఇండియాలో ఎందుకు వాడకూడదు? మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి.
3. ఇండియాలో 6 ఆంపియర్ల సాకెట్, 230 వోల్టులు. ఎన్ని వాట్ల దాకా వాడవచ్చు?
4. మెరిసిన ఆరు సెకన్లకు ఉరిమింది. పిడుగు ఎంత దూరంలో ఉంది? ఇప్పుడు ప్లగ్గు తీయవచ్చా?

ఆ) ఇంట్లో చేయండి.
టీవీ వెనక వైర్లు ఏది ఏదో తెలియక చిక్కుపడి ఉంటాయి. అంటించే కాగితాల మీద తెలుగులో పేర్లు రాసి – టీవీ, కన్సోల్, సౌండ్‌బార్, రౌటర్ – ఒక్కో ప్లగ్గుకు అంటించండి. పెద్దవాళ్లతో కలిసి ప్రతి వస్తువు లేబుల్ చూసి వోల్టులు, వాట్లు ఒక పట్టికలో రాయండి. సర్జ్ ప్రొటెక్టర్ మీద రక్షణ దీపం వెలుగుతోందో లేదో కూడా రాయండి.

ఇ) పెద్దవాళ్లను అడగండి.
మీ తాతయ్యకో, నానమ్మకో, అమ్మమ్మకో ఫోన్ చేసి అడగండి: "మీ చిన్నప్పుడు ఊరికి కరెంటు ఎప్పుడొచ్చింది? ఇంట్లోకి మొదటి టీవీ ఎప్పుడొచ్చింది? గాలివాన వస్తే ఏం చేసేవాళ్లు?" వాళ్లు చెప్పినది చెప్పినట్టే, వాళ్ల మాటల్లోనే, పది వాక్యాలు రాసి తరగతికి తీసుకురండి.